ఏరీ సరస్సు ఒడ్డున ఉక్కుకొండ

ఒహాయో రాష్ట్రపు ఉత్తరపుటంచున, సాండస్కీ యను రేవుపట్టణమునకు ఎదురుగా, ఏరీ సరస్సులోనికి చొచ్చుకొనిపోయిన సన్నని ఇసుకభూమి యొకటి కలదు. దానికి సీడర్ పాయింట్ అని పేరు. పట్టణపు దిక్కునుండి నీటినడుమ వేసిన గట్టుబాట వెంబడి పోవువారికి, గమ్యమింకను దూరమున నుండగనే, ఆకాశముపై గీచిన ఎఱ్ఱని రేఖవలె నొక కొండల వరుస కానవచ్చును. అవి మట్టివియు కావు, రాతివియు కావు; ఉక్కుగొట్టములను వంచి, ఉక్కుస్తంభములపై నిలిపి, మనుష్యుడు తన వేడుక కొరకు తాను కట్టుకొనిన కొండలు. వానిలో నేను మిక్కిలి అభిమానించు దానికి మాగ్నమ్ ఎక్స్‌ఎల్-200 అని పేరు. 1989వ సంవత్సరపు మే నెలలో అది ప్రజలకు తెరువబడినది. క్లీవ్‌లాండులో చదువుకొనుచుండిన మా మేనల్లుడు నన్ను వెంటబెట్టుకొనిపోయి మొదట దానిపై కూర్చుండబెట్టిన దినమున, శిఖరమునుండి దిగుటకు పట్టిన ఆ కొద్ది క్షణములలో నాకు కలిగిన యాశ్చర్యము భయముకంటె పెద్దది. ఇంత బరువైన రైలు, ఇంత నిటారైన పల్లమున, ఇంతమందిని మోసికొని దుమికియు దారి తప్పకుండుటకు ఎన్ని తరములవారి బుద్ధి పనిచేసియుండవలెనను ప్రశ్న ఆనాడే మనస్సున నాటుకొనినది. ఆ యంత్రము పుట్టుపూర్వోత్తరములను వెదకుటకు నన్ను పురికొల్పినది ఆ ప్రశ్నయే.

ఈ క్రీడకు పుట్టినిల్లు మంచుదేశము. పదునేడవ, పదునెనిమిదవ శతాబ్దులలో రష్యాలో, ముఖ్యముగా సెంట్ పీటర్స్‌బర్గు పరిసరములయందు, చలికాలము వచ్చినంతనే ఎత్తైన కొయ్యచట్రములను నిలిపి, వాలుబల్లలపై నీళ్ళు పోసి గడ్డకట్టించి, ఇంచుమించు డెబ్బది అడుగుల యెత్తునుండి జారుట పండుగనాటి వేడుకగా నుండెను. వెనుకనుండి మెట్లెక్కి పోవుట, ముందునుండి మంచుపై జారి వచ్చుట, మరల మెట్లెక్కుట; ఇందు పాలేరునకును ప్రభువునకును భేదము లేదు. మహారాజ్ఞి కాథరిన్ ఈ వినోదమును మిక్కిలి మెచ్చినది. మంచు కరగిపోవు వేసవియందును జారు భాగ్యము తప్పకుండుటకై, ఒరానియెన్‌బామ్ ఉద్యానమున, అంతోనియో రినాల్ది యను ఇటలీదేశపు శిల్పిచేత, చక్రముల బండ్లు పరుగెత్తు కొయ్యకొండలను, వానికి ముఖద్వారముగా నొక సుందరభవనమును ఆమె కట్టించెను. ఆ కొండలు కాలగర్భమున కలిసిపోయినవి. నీలవర్ణపు ఆ భవనము మాత్రము నేటికిని నిలిచియున్నది. ఇచ్చట నొక చిత్రము చెప్పవలసియున్నది. ఫ్రెంచివారును స్పెయినువారును నేటికిని రోలర్ కోస్టరును ‘రష్యా కొండలు’ అని పిలుతురు. రష్యావారో, దానినే ‘అమెరికా కొండలు’ అందురు. తమ యింట పుట్టిన బిడ్డ పొరుగూరిలో పెరిగి పెద్దదై వచ్చినప్పుడు ఆ యూరిపేరుతోనే పిలుచుకొనుట మనకును తెలియని సంగతి కాదు.

పారిసు నగరమున 1817లో రెండు ఉద్యానములవారు ఇట్టి కొండలను కట్టించిరి. అచ్చట మంచు నమ్మదగినది కాదు కావున, బండ్లకు చక్రములను పెట్టి, ఇరుసుల కొనలను దారి కిరుప్రక్కల నున్న గాడులలో నిమిడించిరి. బండి దారిని విడిచి పోకుండ దారియే బండిని పట్టుకొని యుండవలెనను ఊహ మొదటిసారి కార్యరూపము దాల్చినది అక్కడనే. చూపునకిది అల్పవిషయము, అయినను ఈ కథయంతయు నడచినది ఈ యొక్క ఊహ చుట్టునే.

అమెరికాలో ఈ వినోదమునకు బీజము వేసినది వినోదము కాదు, బొగ్గు. పెన్సిల్వేనియా రాష్ట్రమున, ఇప్పుడు జిమ్ థోర్ప్ అని పేరుమార్చుకొనిన మాక్ చంక్ అను కొండయూరికి, పైనున్న సమ్మిట్ హిల్ గనులనుండి బొగ్గును దింపుటకై 1827లో తొమ్మిది మైళ్ళ పొడవున నొక పట్టాలదారి వేసిరి. దిగుడుదారి యగుటచే బొగ్గుబండ్లు తమ బరువుతోనే దొర్లి వచ్చుచుండెను. ఖాళీబండ్లను పైకి లాగుటకు మాత్రము కంచరగాడిదలు కావలసివచ్చెను. ఆ గాడిదలను క్రిందికి నడిపించుట కాలహరణమని, వానికి ప్రత్యేకముగా బండ్లు కట్టి, బొగ్గు వెనుకనే వానిని కూడ దొర్లించి దింపుచుండిరి. ఒకసారి ఆ సుఖమును మరిగిన గాడిదలు, పిమ్మట ఎంత కొట్టినను క్రిందికి నడచుటకు ఒప్పుకొనకపోయెనని ఆనాటివారు చెప్పుకొనిరి. మానవులకంటె ముందుగా రోలర్ కోస్టరునందలి మాధుర్యమును గ్రహించిన ఆ మూగజీవములను నేను తలచుకొనని దినము, ఆ కొండశిఖరమున కూర్చున్న దినములలో, ఒక్కటియు లేదు. కొంతకాలమునకు పైకి లాగుటకు ఆవిరియంత్రములు వచ్చినవి. 1872లో కొండను తొలిచి సొరంగమార్గము వేయుటతో బొగ్గునకు ఆ పాతదారితో పని తీరినది. తీరినను పట్టాలు ఊరకుండలేదు. దూరప్రాంతములనుండి జనులు రుసుము చెల్లించి, కొండగాలిని మ్రింగుచు, ఆ తొమ్మిది మైళ్ళు దొర్లుటకై బారులు తీరిరి. సరకు మోయుటకు వేసిన దారి సంతోషమును మోయుటకు మిగిలినది.

ఈ యనుభవమును నగరమధ్యమునకు తెచ్చినవాడు లమార్కస్ థాంప్సన్. అతడు దైవభక్తి గలవాడు. మద్యశాలలకును జూదపుటిండ్లకును పోవు యువజనులకు అంతకంటె శుభ్రమైన వినోదమును చూపవలెనని తలచినవాడు. న్యూయార్కు చెంతనున్న కోనీ ద్వీపమున 1884 జూన్ నెలలో అతడు తెరిచిన స్విచ్‌బాక్ రైలు ఆ తొమ్మిది మైళ్ళ కొండదారిని ఆరువందల అడుగులలోనికి కుదించిన బొమ్మవంటిది. వెల ఐదు సెంట్లు. ఎత్తు ఏబది అడుగులు. వేగము గంటకు ఆరు మైళ్ళ చొప్పున. కూర్చున్నవారు దారివంకకు గాక సముద్రమువంకకు తిరిగి ప్రక్కవాటుగా కూర్చుండెడివారు. ఆ కొనకు చేరినంతనే అందరును దిగి మెట్లెక్కవలెను. పనివారు బండిని మరియొక పట్టాపైకి తోయవలెను. మరల ఎక్కి తిరిగి రావలెను. నేడు తలచుకొన్న అది ఎద్దుబండి ప్రయాణముతో సమానము. అయినను జనము తండోపతండములుగా వచ్చిరి. సంవత్సరము తిరుగకముందే ఇతరులు బయలుదేరినచోటికే తిరిగివచ్చు చుట్టుమార్గమును, బండిని యంత్రబలముచే పైకి లాగు ఉపాయమును కనుగొనిరి.

తరువాతి ముప్పది నలువది సంవత్సరములు కొయ్యకొండల యుగము. అందు పేర్కొనదగినవారు పలువురుండినను, నా దృష్టిలో అగ్రపూజకు అర్హుడు జాన్ మిల్లర్ ఒక్కడే. గొలుసు తెగినను బండి వెనుకకు జారకుండ పండ్లపట్టీని కరచిపట్టు కొక్కెమును మెరుగుపరచినవాడు అతడే. శిఖరమునకు పోవునప్పుడు నేటికిని ‘టకటక’ మని వినవచ్చు చప్పుడు ఆ కొక్కెముదే. దానికంటె గొప్పది 1919 ప్రాంతమున అతడు పేటెంటు పొందిన మూడవ చక్రము. అంతకుముందు బండికి పట్టాపైన దొర్లు చక్రమొకటియు, ప్రక్కకు పోకుండ ఆపునది యొకటియు మాత్రము ఉండెడివి. కొండకొమ్మున వేగముగా పోవు బండి పైకెగురుట సహజము. ఎగిరినచో పట్టా విడిచి పోవును గనుక, కట్టువారు ఎత్తునకు, వేగమునకు, వాలునకు జంకుచు కట్టిరి. మిల్లర్ పట్టాకు అడుగువైపున నింకొక చక్రమును బిగించెను. అప్పటినుండి పట్టా మూడుప్రక్కల చక్రముల పిడికిటిలో నున్నది. బండి ఎగురగోరినను ఎగురనేరదు. కూర్చున్నవాడు మాత్రము ఎగిరినట్లే తలంచును. కోస్టరు కొమ్ముపై మన శరీరము ఒక్కక్షణము బరువు కోల్పోయి, తొడలు పీటను విడిచి, కడుపున నేదియో ఖాళీ యైనట్లు తోచు ఆ విచిత్రానుభవమంతయు ఎవ్వరికిని కనబడక అడుగున తిరుగు ఆ చిన్నచక్రము పెట్టిన భిక్ష. ఎక్కువారిలో నూటికి ఒక్కరైనను దానిని వంగి చూడరు, చూడవలెను.

కొయ్యకు సాధ్యము కాని పని యొకటి యుండెను. అది మనుష్యుని తలక్రిందులు చేసి మరల నిలబెట్టుట. ప్రయత్నము చేయకపోలేదు. కోనీ ద్వీపముననే 1895లో ఫ్లిప్ ఫ్లాప్ అను పేర నొక నిండువృత్తమును నిలిపిరి. కాని నిండువృత్తము క్రూరమైన ఆకృతి. శిఖరమున పడిపోకుండుటకు చాలినంత కనీసవేగముతో ప్రవేశించినను, అడుగున మనుష్యుడు తన బరువుకు ఆరింతల బరువును మోయవలెనని గణితము చెప్పును. అంతకంటె వేగముగా పోయిన చెప్పనే అక్కరలేదు. మెడలు నొప్పులు పెట్టినవి. 1901లో వచ్చిన లూప్ ద లూప్ అనునది అండాకారమున నుండి కొంత సుఖమిచ్చినను, ఒక్కొక్కసారి నలుగురు మాత్రమే ఎక్కగలుగుటచే ఆదాయము చాలక మూతపడినది. చూచుటకే డబ్బిచ్చినవారు ఎక్కుటకు ఇచ్చినవారికంటె ఎక్కువ యని దాని కీర్తి. అటుపిమ్మట అరువది సంవత్సరములకు పైగా ఎవ్వరును ఆ జోలికి పోలేదు. మధ్యలో ఆర్థికమాంద్యమును యుద్ధమును వచ్చి, కొయ్యకొండలు చెదలుపట్టి, వందలకొలది కూల్చబడినవి.

ఉక్కుగొట్టపు కథ 1959 జూన్ 14వ తేదీన ఆరంభమగుచున్నది. కాలిఫోర్నియాలో డిస్నీలాండును తెరిచి నాలుగేండ్లైన వాల్ట్ డిస్నీ, స్విట్జర్లండునందలి మాటర్‌హార్న్ పర్వతమును నూరవవంతు ప్రమాణమున, 147 అడుగుల ఎత్తున, తన ఉద్యానమున నిలిపి, దాని కడుపులోను ఒడలిమీదను మంచుబండ్లు జారవలెనని సంకల్పించెను. పర్వతపు కడుపులో సన్నని మలుపులు చుట్టవలసిన దారికి బల్లలు చాలవు; చదునుపట్టాను ప్రక్కలకు వంచినచో పైకి వంగదు, పైకి వంచినచో మెలిపడదు. మౌంటెన్ వ్యూ పట్టణమున ఆరో డెవలప్‌మెంటు అను చిన్న కర్మాగారము నడుపుచుండిన ఎడ్ మోర్గన్, కార్ల్ బేకన్ అను మిత్రులు దీనికి గుండ్రని ఉక్కుగొట్టమును ఉపాయముగా చెప్పిరి. గుండ్రని వస్తువునకు ముందువెనుకలు లేవు, పైక్రిందులు లేవు. ఏ దిక్కునకైనను వంగును, ఏ కోణమునకైనను మెలిపడును. చక్రము దానిని ఏ వైపునుండి తాకినను ఒక్కటే. ముక్కలను కొసకు కొస చేర్చి వెల్డు చేసి నునుపు చేసినచో అతుకు తెలియదు. ఇనుపచక్రములకు బదులు పాలీయురిథేన్ తొడుగుగల చక్రములను వాడిరి. కొయ్యకొండల గడగడ ధ్వని పోయి గాలిశబ్దము మాత్రము మిగిలినది. ఆ పని చేసినప్పుడు తాము ఒక యుగమునకు ద్వారము తెరచుచున్నామని ఆ యిద్దరికి తోచియుండదని నా నమ్మకము. వారు తమ చేతికి వచ్చిన ఇబ్బందిని తీర్చిరి, అంతే.

ద్వారము తెరచుకొనిన పిదప అందరును ఒకే వైపునకు పరుగెత్తిరి. 1975లో అదే ఆరో సంస్థ నాట్స్ బెర్రీ ఫార్ము అను ఉద్యానమున కార్క్‌స్క్రూ అను కోస్టరున మనుష్యులను రెండుసార్లు తలక్రిందులు చేసినది. దానికి నమూనా చేయుటకు రాన్ టూమర్ అను ఇంజనీరు బట్టలు తగిలించు తీగకొక్కెములను వంచి చూచుకొనెనని చెప్పుదురు. 1976లో మాజిక్ మౌంటెన్ ఉద్యానమున, ఆంటోన్ ష్వార్జ్‌కాఫ్ నిర్మించిన రివల్యూషన్ అను కోస్టరు నిలువువలయమును పునరుద్ధరించెను. ఈసారి మెడలు నొవ్వలేదు. వెర్నర్ స్టెంగెల్ అను జర్మను ఇంజనీరు నిండువృత్తమును విడిచి, పైకి పోయినకొలది బిగుసుకొను క్లోథాయిడ్ అను వక్రరేఖను దానికి వాడెను. వేగము హెచ్చుగానున్న అడుగున వంపు విశాలము, వేగము తగ్గిన శిఖరమున వంపు ఇరుకు. నీటిబొట్టు ఆకారమున నుండు నేటి వలయములన్నియు దాని సంతానమే. నేను ఈ విద్యను తక్కువచేయను. కాని ఆ పదమూడేండ్లపాటు సాగిన పోటీని చూడుడు: 1975లో రెండు తిరుగుళ్ళు, 1976లో మూడు, 1987లో ఆరు, 1988లో ఏడు. రైలును మెలివేయుటయే విద్యగా, మెలికల లెక్కయే ఘనతగా మారినది. భుజములపై బరువైన కమ్మీలు దిగినవి. ఆ కమ్మీల నడుమ చెవులు రెండును కొట్టుకొనుచు తిరిగి వచ్చినవారు, ఎన్నిసార్లు తిరిగితిమో చెప్పగలిగిరి గాని ఏమి చూచితిమో చెప్పలేకపోయిరి. కొండ యెక్కుట, కొమ్మున గాలి తగులుట, పల్లమునకు దుముకుట అను ఆదిమసుఖము ఈ సందడిలో మరుగుపడినది.

దానిని తిరిగి తెచ్చినది మాగ్నమ్ అనియే నా వాదము. సీడర్ పాయింటునకు అట్టి పని చేయుటకు తగిన వంశచరిత్ర కలదు. 1870లో స్నానతీరముగా మొదలై, 1892లో తన తొలి స్విచ్‌బాక్ రైలును వేసికొని, 1964లో బ్లూ స్ట్రీక్ అను కొయ్యకొండను, 1976లో కార్క్‌స్క్రూ అను ఆ పేరే గల మరియొక కోస్టరును, 1978లో కొయ్యస్తంభములపై ఉక్కుపట్టాలు పరచిన జెమినీని కట్టుకొనిన చోటది. కొయ్యయుగము ఉక్కుయుగమునకు పగ్గములు అప్పగించుటను కంటితో చూడగోరువారు జెమినీ క్రింద నిలుచుండి తలయెత్తిన చాలును. ఆ ఉద్యానముయొక్క అధిపతి రిచర్డ్ కింజెల్, ఆరో సంస్థవారితో కొత్తకోస్టరును గూర్చి ముచ్చటించునప్పుడు మొదట అనుకొనిన ఎత్తు 200 అడుగులకు లోపుగనే యుండెను. ఇంత దూరము వచ్చి ఆ మేరను దాటకుండుటెందులకని దాటించిరి. ఫలితముగా శిఖరము 205 అడుగులకు చేరినది. బయలుదేరినచోటికే తిరిగివచ్చు పూర్తిమార్గము గల కోస్టరులలో 200 అడుగులు మించినది ప్రపంచమున అదియే మొదటిది. వ్యయము ఎనిమిది మిలియను డాలర్లు. పొడవు 5,106 అడుగులు. మొదటి పల్లము ఇంచుమించు 195 అడుగులు, అరువది డిగ్రీల వాలు. తిరుగుళ్ళు? ఒక్కటియు లేదు. ఏడు తిరుగుళ్ళ కోస్టరు తెరిచిన మరుసటి సంవత్సరమున, అదే సంస్థ, అదే రాన్ టూమర్ చేత, తలక్రిందుల మాటయే లేని కోస్టరును కట్టించుటకు ధైర్యము కావలెను. టూమర్ తొలుత అపోలో వ్యోమనౌకల ఉష్ణకవచముపై పనిచేసినవాడు. తలతిరుగు స్వభావమువలన తాను కట్టిన కోస్టరులను తాను అరుదుగా ఎక్కినవాడు. ఇతరుల శరీరములకు కలుగు ఆనందమును గణితమునందు మాత్రమే అనుభవించిన ఆ మనుష్యునియెడ నాకు ప్రత్యేకమైన గౌరవము కలదు.

ఇక ప్రయాణమును వర్ణింతును. ఆరు పెట్టెల రైలు. పెట్టెకు ఆరుగురు చొప్పున ముప్పదియారుగురు. ఒడిమీదికి దిగు కమ్మీ తప్ప భుజములపై ఏదియు లేదు; చేతులు స్వేచ్ఛగా నుండును. గొలుసు పట్టుకొని రైలు పైకి సాగునప్పుడు మిల్లర్ కొక్కెము టకటకమనుచుండును. ఒక ప్రక్క ఉద్యానపు చెట్లు, తోపుడుబండ్లు, జనము చీమలబారులై చిన్నవగుచుండగా, మరియొక ప్రక్క ఏరీ సరస్సు మెల్లమెల్లగా విప్పిన నీలిచీరవలె వెడల్పగుచుండును. సముద్రము కాదని తెలిసినను కన్ను నమ్మదు, ఆవలిగట్టు కానరాదు. కొమ్మున గొలుసు విడుచును. “మామయ్యా, చేతులు పైకెత్తండి, కళ్ళు మాత్రం మూసుకోవద్దు,” అని మా మేనల్లుడు అరచినది ఆ క్షణముననే. నేను కన్నులు మూయలేదు. పట్టా కంటికి కానరాకుండ క్రిందికి మునిగిపోయి, సరస్సు పైకి లేచివచ్చి, గాలి నోటిలోని మాటను నోటనే ఆపివేసినది. ఘర్షణయు గాలియు లేనిచో ఆ పల్లపు లోతునకు వేగము గంటకు 123 కిలోమీటర్లు కావలెను, వాస్తవమున 116. సరస్సుగాలికిని చక్రముల రాపిడికిని మనము చెల్లించు సుంకము ఆ ఏడు కిలోమీటర్లే. వెంటనే 157 అడుగుల రెండవకొండ. దాని కొమ్మున శరీరము బరువును మరచును. కొసన జంతికచుట్టవలె మెలివేసిన మలుపొకటి రైలును సరస్సు అంచుననే వెనుకకు త్రిప్పును. తిరుగుప్రయాణమంతయు చిన్నకొండలు, నడుమ నడుమ చీకటి సొరంగములు. ఒక్కొక్క కొండయు తొడలను పీటనుండి తటాలున లేపి, అడుగుచక్రము పట్టుకొన్నంతనే మరల దించును. మొత్తము రెండు నిముషములు.

ఆ చిన్నకొండలను గూర్చి విమర్శకులు చెప్పు తప్పును దాచను. వాని కొమ్ములు కోసుగా నున్నవి. ఆరోవారు నేరుగొట్టమును వృత్తఖండముతో నేరుగా జతచేయు పాతపద్ధతిని విడువలేదు. స్టెంగెల్ వలె ఒక వంపునుండి మరియొక వంపునకు క్రమక్రమముగా పోవు రేఖను వాడియుండిన, కొమ్ము గుండ్రనై, కుదుపు తగ్గియుండెడిది. ముసలి ఎముకలకు ఆ కుదుపు తెలియును; ఒడిపైని కమ్మీ తొడను నొక్కును. కాని ఆ కోసుదనమును తీసివేసిన మాగ్నమ్ మాగ్నమ్ కాదు. బుద్ధిమంతుడైన కమ్మరి సుత్తిదెబ్బ ఆనవాళ్ళు పనిముట్టుపై మిగిలియున్నట్లు, చేతితో గీచి, చేతితో లెక్కవేసిన తరపు ఆనవాళ్ళు ఆ కొండలపై నున్నవి. తరువాత గణకయంత్రములు గీచిన కోస్టరులను నేను ఎక్కితిని; అవి మెత్తనివి, వేగమైనవి, వానిని నిందింపను; కాని వానినుండి దిగినప్పుడు కట్టినవాని చేయి ఎట్టిదో నాకు తెలియలేదు.

దాని విజయమే దానిని మించువానికి దారి వేసినది. 1994లో ఇంగ్లండునందలి బ్లాక్‌పూల్ సముద్రతీరమున అదే ఆరో సంస్థ మరింత ఎత్తైనదానిని కట్టెను. 2000వ సంవత్సరమున సీడర్ పాయింటుననే, గొలుసునకు బదులు ఉక్కుతాడుతో రైలును లాగు మిల్లేనియం ఫోర్సు 310 అడుగుల ఎత్తున నిలిచెను. 2003లో 420 అడుగుల టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ వచ్చెను. 2005లో న్యూజెర్సీలో లేచిన కింగ్డా కా 456 అడుగులకు పోయి, 2024లో మూతపడి, మరుసటి సంవత్సరమున కూల్చివేయబడినది. ఈ పరుగున తొలిగొట్టమును వంచిన ఆరో సంస్థయే నిలువలేకపోయినది. 2001 డిసెంబరులో దివాలాపత్రము సమర్పించి, తరువాతి సంవత్సరమున ఇతరుల చేతికి పోయినది. మాగ్నమ్ మాత్రము నిలిచియున్నది. 1998 మొదలు 2000 వరకు వరుసగా మూడేండ్లు ఉత్తమమైన ఉక్కుకోస్టరుగా గోల్డెన్ టికెట్ పురస్కారమును పొందినది. 2004లో అమెరికా కోస్టరు ప్రేమికుల సంఘము దానిని చారిత్రకచిహ్నముగా గుర్తించినది.

జాతరలలో రంగులరాట్నము తిరుగునప్పుడు కలుగు జలదరింపును చిన్ననాటనే ఎరిగిన మన జనమునకు ఉక్కుకొండ పరాయిది కాదు. హైదరాబాదు వెలుపల రావిర్యాల చెంత 2016లో తెరిచిన వండర్‌లా అను వినోదోద్యానమున రీకాయిల్ అను ఉక్కుకోస్టరు రైలును మెలికలగుండ ముందుకు విడిచి, మరల అదే మెలికలగుండ వెనుకకు త్రిప్పి తెచ్చును; సెలవుదినములలో దానికడ నిలుచు బారులను చూచినవారికి ఈ వ్యాసమునందలి మూడవ చక్రమును, గుండ్రని గొట్టమును వెదకి చూచుటకు అమెరికాకు పోవలసిన పనిలేదు. వరుసలో నిలుచున్న సమయమున పిల్లలకు ఆ చక్రములను చూపుడు; పైది యేది, ప్రక్కది యేది, అడుగుది యేది యని వారిచేతనే చెప్పింపుడు.

ఒహాయోలో నివసించు తెలుగు కుటుంబములును, వారి యింటికి పోవు తల్లిదండ్రులును వేసవిలో సీడర్ పాయింటునకు పోవుట ఇప్పుడు సాధారణమైనది. పోయినవారిలో పెక్కుమంది మిల్లేనియం ఫోర్సు కడనే గంటలకొలది నిలిచి, పొద్దుగూకినంతనే ఇంటిదారి పట్టుచున్నారు. వారికి నా మనవి యిది: మాగ్నమ్‌ను విడిచి రాకుడు. ఎండ వాలిన పిమ్మట పొండు. ఆ వేళకు బారు పలుచబడును, సరస్సుమీద వెలుగు ఎఱ్ఱబారును. అనుభవజ్ఞులు కోరుకొను స్థానము మొదటి పెట్టెలోని మూడవ వరుస. అది దొరకువరకు ఒకటి రెండు రైళ్ళను పోనిండు. శిఖరమున గొలుసు విడుచుటకు ముందు ఒక్కమారు సరస్సువంక తల త్రిప్పి చూడుడు.